అమ్మానాన్న కోసం బేస్‌మెంట్‌లో గది వేయించాలి, ముందు దేని మీద ఖర్చు పెట్టాలి?

కొత్తిల్లు_ఎడిసన్

అందరికీ నమస్కారం. పోయిన ఆగస్టులో న్యూజెర్సీలోని ఎడిసన్ దగ్గర ఇల్లు కొన్నాం, 1988లో కట్టింది. కింద 850 చదరపు అడుగుల బేస్‌మెంట్ ఉంది. అందులో ఇంతవరకు ఎవరూ ఏ పనీ చేయించలేదు. కాంక్రీట్ బ్లాకుల గోడలు, సిమెంటు నేల, మధ్యలో రెండు ఇనుప స్తంభాలు, ఒక మూల ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేసు, వాటర్ హీటర్, ఇంకో మూల సంప్ గొయ్యి (నేల కింద ఊరే నీళ్లు చేరేది, పంపుతో బయటికి తోడతారు). అంతే.

మే నెలలో అమ్మానాన్న తెనాలి నుంచి వస్తున్నారు, ఆరు నెలలు ఉంటారు. మా పడకగదులు మూడూ పైఅంతస్తులోనే ఉన్నాయి. అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి ఎక్కుతుంది. అందుకని బేస్‌మెంట్‌లో వాళ్లకు ఒక పడకగది, బాత్రూమ్, టీవీ పెట్టుకోవడానికి చిన్న హాలు చేయిస్తే అన్నీ ఒకచోటే ఉంటాయి, రాత్రిళ్లు బాత్రూమ్ కోసం మెట్లెక్కే పని ఉండదు అనుకున్నాం.

ఒక కాంట్రాక్టర్ వచ్చి చూశాడు. పర్మిట్‌తో అయితే 58 వేల డాలర్లు, పర్మిట్ లేకుండా అయితే 49 వేలు అన్నాడు. పడకగదికి పెద్ద కిటికీ పెట్టాలంటే అదనంగా 6,500 అవుతుందట. కానీ అది అవసరం లేదు, ప్లానులో ఆఫీస్ రూమ్ అని రాద్దాం, మంచం మీరు తర్వాత వేసుకోండి అంటున్నాడు. ఇల్లు అమ్మేటప్పుడు ఈ 850 అడుగులూ ఇంటి విస్తీర్ణంలో కలుస్తాయి, పెట్టిన డబ్బు మొత్తం తిరిగొస్తుంది అని కూడా చెప్పాడు. నాకు తెలిసినవాళ్లలో సగం మంది పర్మిట్ లేకుండానే చేయించామంటున్నారు.

ఇంకో సంగతి. ఇల్లు కొన్నప్పుడు అంతా పొడిగానే ఉంది. పోయిన వారం మంచు కరిగాక కిందికి దిగి చూస్తే వెనక గోడ మూలలో, నేల నుంచి ఒక అడుగు ఎత్తు దాకా తెల్లటి పొడి. వేలితో గీస్తే రాలిపోతోంది. తెనాలిలో మా పాత ఇంటి గోడలు చౌడు పట్టినప్పుడు అచ్చం ఇలాగే ఉండేవి. కాంట్రాక్టర్ దాన్ని చూసి, వాటర్‌ప్రూఫ్ పెయింట్ రెండు పూతలు వేస్తే సరిపోతుందన్నాడు.

నేల నుంచి పైన దూలం అడుగు దాకా 7 అడుగుల 4 అంగుళాలు. ఏసీ డక్ట్ ఉన్నచోట మాత్రం 6 అడుగుల 6 అంగుళాలు. ఈ ఎత్తు సరిపోతుందా? ఆ కిటికీ నిజంగా అవసరమా? ఇలాంటి పని చేయించినవాళ్లు దయచేసి చెప్పండి. మేలోగా అయిపోవాలని టెన్షన్‌గా ఉంది.

రారిటన్_ఒడ్డు

మీరు అడిగినవాటిలో ముందు ఆ తెల్లపొడి సంగతి చెబుతాను, ఎందుకంటే అది చదవగానే మా ఇల్లు గుర్తొచ్చింది. మీరు అనుకున్నది నిజమే, అది చౌడే. బయట మట్టిలో ఉన్న నీళ్లు గోడలోంచి లోపలికి వస్తూ సిమెంటులోని లవణాలను మోసుకొస్తాయి, నీరు ఆవిరైపోయి ఉప్పు మిగులుతుంది. అంటే ఆ గోడ వెనక నీళ్లు నిలుస్తున్నాయి. దాని మీద లోపలి వైపు పెయింట్ వేస్తే కొన్నాళ్లకు బొబ్బలు లేచి పొరలు పొరలుగా ఊడిపోతుంది. మాకు రెండేళ్లు కూడా ఆగలేదు.

మేము 2019లో మొత్తం చేయించాం. కార్పెట్, డ్రైవాల్ (గోడలకు బిగించే జిప్సం పలకలు), పిల్లలకు ఆటల గది, ఒక పక్కన మా మావయ్యగారి మంచం. 2021 సెప్టెంబర్ 1న ఐడా తుపాను వర్షం. ఆ రాత్రి న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో ఒక్క గంటలో 3.15 అంగుళాలు కురిసింది. మా వీధిలో కరెంటు పోయింది, కరెంటుతో పాటే సంప్ పంపూ ఆగిపోయింది. నేను టార్చి పట్టుకుని దిగేసరికి చివరి మెట్టు కనిపించలేదు. పంపు గొయ్యి మూత నీళ్ల మీద తేలుతూ తిరుగుతోంది. మావయ్యగారు అప్పటికి నెల ముందే ఇండియా వెళ్లిపోయారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. ఆ రాత్రి న్యూయార్క్ నగరంలో చనిపోయిన 13 మందిలో 11 మంది బేస్‌మెంట్లలో ఉంటున్నవాళ్లే.

ఇన్సూరెన్స్ గురించి కూడా వినండి. మామూలు హోమ్ ఇన్సూరెన్స్ వరదకు ఇవ్వదు. డ్రైన్ వెనక్కి తన్నినా, సంప్ పొంగినా పరిహారం రావాలంటే వాటర్ బ్యాకప్ అని విడిగా కొనుక్కోవాలి, మేము కొనలేదు. ప్రభుత్వ వరద బీమా ఎన్‌ఎఫ్‌ఐపీ ఉన్నా బేస్‌మెంట్ విషయంలో చాలా పరిమితం. ఫర్నేసు, వాటర్ హీటర్, కరెంటు ప్యానెల్ లాంటివాటికి ఇస్తారు, మీరు డబ్బు పోసి చేయించిన గోడలకు, ఫ్లోరింగుకు, సోఫాకు ఇవ్వరు. కాబట్టి కింద పెట్టే ప్రతి డాలరుకూ కాపలా మీరే.

ఇప్పుడు మీరు చేయాల్సినవి. వాన పడేటప్పుడు గొడుగేసుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. పైకప్పు నీళ్లు దిగే గొట్టాలు గోడ మొదట్లోనే పోస్తున్నాయా చూడండి. చాలా ఇళ్లలో జబ్బంతా అక్కడే ఉంటుంది. ఒక్కో గొట్టానికీ పొడుగు పైపు తగిలించి నీళ్లను కనీసం ఆరడుగుల దూరం తీసుకెళ్లాలి, దీనికి వందల్లోనే ఖర్చు. తర్వాత మట్టి వాలు. గోడ దగ్గర నుంచి పది అడుగుల దూరంలో ఆరు అంగుళాలు పల్లం ఉండాలి. పాత ఇళ్లలో మట్టి కుంగి వాలు ఇంటివైపే తిరిగిపోయి ఉంటుంది. ఈ రెండూ చేసి ఒక వానాకాలం చూడండి. అప్పటికీ చెమ్మ వస్తే లోపల గోడ వెంబడి నేల కోసి డ్రైన్ వేసి సంప్ గొయ్యికి కలపాలి, అది వేలల్లో పని. బ్యాటరీతో నడిచే రెండో పంపు మాత్రం ఎలాగూ పెట్టించండి.

చిన్న పరీక్ష ఒకటి. రెండడుగుల ప్లాస్టిక్ షీటు ముక్కలు తీసుకుని ఒకటి ఆ గోడకు, ఒకటి నేలకు నాలుగు వైపులా టేపు వేసి గాలి చొరకుండా అతికించండి. రెండు రోజులు ఆగి తీయండి. షీటు లోపలి వైపు తడి ఉంటే నీరు మట్టిలోంచి వస్తున్నట్టు. గదివైపు తడి ఉంటే గాలిలో తేమ ఎక్కువున్నట్టు, దానికి డీహ్యూమిడిఫైయర్ చాలు. అంతవరకు గోడ ఫ్రేముకు వాడే నిలువు చెక్క, అదే స్టడ్, ఒక్కటి కూడా నిలబెట్టనివ్వకండి. చెమ్మ గోడకు డ్రైవాల్ వేసి మూస్తే వెనక బూజు పట్టేది మీకు కనిపించదు, వాసన వచ్చేనాటికి ఆలస్యమైపోతుంది.

నోవై_వడ్రంగి

పైన రాసినదానితో పూర్తిగా ఏకీభవిస్తాను. నేను మిషిగన్‌లో మా బేస్‌మెంట్ పని పర్మిట్ నా పేరు మీద తీసుకుని, వారాంతాల్లో పద్నాలుగు నెలలు నేనే చేసుకున్నాను. ప్లంబింగ్ ఒక్కటే బయటివాళ్లకిచ్చాను.

ఎత్తు గురించి. ఇళ్ల నిర్మాణానికి నమూనాగా వాడే ఐఆర్‌సీ కోడ్ ప్రకారం మనుషులుండే గదికి 7 అడుగులు ఉండాలి. డక్టులు, దూలాల కింద మాత్రం 6 అడుగుల 4 అంగుళాల దాకా ఒప్పుకుంటారు. మీ డక్ట్ 6-6 అంటున్నారు కదా, దాని చుట్టూ ఫ్రేమ్ కట్టి డ్రైవాల్ వేసి, కింద ఫ్లోరింగ్ వేసేసరికి ఆ రెండు అంగుళాలూ కరిగిపోతాయి. ముందే లెక్కేసుకోండి. న్యూజెర్సీలో పాత ఇళ్ల పనులకు రిహాబ్ సబ్‌కోడ్ అని వేరే నియమాలు ఉన్నాయి, కాబట్టి మీ టౌన్‌షిప్ ఆఫీసుకు ప్లాను పట్టుకెళ్లి నేరుగా అడగండి. వాళ్లు బాగానే మాట్లాడతారు, మనమే అనవసరంగా భయపడతాం.

కిటికీ గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాను. మనిషి పడుకునే గదికి బయటికి దూకగలిగే దారి ఉండి తీరాలి, దాన్నే ఈగ్రెస్ విండో అంటారు. పూర్తిగా తెరిచినప్పుడు ఖాళీ 5.7 చదరపు అడుగులు, వెడల్పు కనీసం 20 అంగుళాలు, ఎత్తు కనీసం 24. ఈ రెండు కనీసాలూ కలిపితే 5.7 రాదు, కాబట్టి కిటికీ అంతకంటే పెద్దదే పడుతుంది. కిటికీ కింది అంచు లోపలి నేల నుంచి 44 అంగుళాలకు మించకూడదు. కిటికీ ముందు బయట తవ్వే గొయ్యి అటూ ఇటూ కనీసం 36 అంగుళాలు ఉండాలి, 44 అంగుళాల కంటే లోతైతే నిచ్చెన బిగించాలి. ఇవన్నీ ఎందుకంటే బేస్‌మెంట్ మెట్లు సాధారణంగా వంటింటి పక్కన తేలతాయి, ఫర్నేసు కిందే ఉంటుంది. నిప్పు అంటుకున్నప్పుడు కిందున్నవాళ్లకు ఉన్న ఒకే దారి పొగలోకి వెళ్తుంది. కాగితం మీద ఆఫీస్ రూమ్ అని రాసుకున్నా రాత్రి అందులో నిద్రపోయేది మీ అమ్మానాన్నే కదండి. ఆ మాటన్న కాంట్రాక్టర్‌కు నేనైతే ఇంకే పనీ ఇవ్వను. న్యూజెర్సీలో ఇంటి పనులు చేసేవాళ్లు రాష్ట్ర కన్జ్యూమర్ అఫైర్స్ విభాగంలో రిజిస్టర్ అయి ఉండాలి, అది కూడా చూసుకోండి.

గోడల దగ్గర చాలామంది చేసే తప్పు ఒకటి ఉంది. కాంక్రీటుకు ఆనించి స్టడ్స్, వాటి మధ్య చలి ఆపడానికి గులాబీరంగు దూది లాంటి ఫైబర్‌గ్లాస్, దాని మీద ప్లాస్టిక్ షీటు వేస్తారు. గదిలోని వెచ్చటి గాలి సందుల్లోంచి పోయి చల్లటి కాంక్రీటును తాకితే చల్లని గ్లాసు బయట చెమర్చినట్టు అక్కడ నీరు పడుతుంది, ఆ దూది దాన్ని పీల్చుకుని పట్టుకుంటుంది. నేను రెండు అంగుళాల గట్టి ఫోమ్ బోర్డులు నేరుగా కాంక్రీటుకు అతికించి, అతుకులన్నీ టేపు వేసి, ఆ తర్వాత స్టడ్స్ నిలబెట్టాను. నేలకు ఆనే అడుగు చెక్క ప్రెషర్ ట్రీటెడ్‌దే, అంటే చెమ్మకు పాడవకుండా మందు ఎక్కించినదే ఉండాలి. డ్రైవాల్ నేలను తాకకుండా అర అంగుళం పైకి ఆపాలి, ఆ సందు బేస్‌బోర్డు కప్పేస్తుంది. కార్పెట్ వద్దు, వినైల్ పలకలు వేయండి.

బాత్రూమ్‌కు ముందు ఒకటి చూడండి. మీ ఇంటి మురుగు పైపు గోడలోంచి బయటికి ఏ ఎత్తులో వెళ్తోంది? నేల కింద నుంచి వెళ్తే అదృష్టం. నడుము ఎత్తులో వెళ్తుంటే టాయిలెట్ నీళ్లు పైకి ఎక్కవు, నేల పగలగొట్టి గొయ్యి తీసి, మురుగును పైకి తోసే ఎజెక్టర్ పంపు పెట్టాలి. కరెంటు పోతే ఆ బాత్రూమ్ వాడలేరు. మీ 58 వేలల్లో ఇది ఉందో లేదో అడగండి.

రాడాన్ పరీక్ష కూడా చేయించారా? భూమిలోంచి వచ్చే వాయువు, రంగూ వాసనా ఉండవు, అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు సిగరెట్ తర్వాత రెండో కారణం ఇదే. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్కలో లీటరు గాలికి 4 పికోక్యూరీలు (రేడియోధార్మికత కొలత), ఆపైన ఉంటే తగ్గించుకోవాలి. మాకు 7 దాటింది. నేలకు రంధ్రం చేసి పైపు దించి, ఫ్యానుతో గాలిని లాగి పైకప్పు మీదకి వదిలేటట్టు పెట్టించాక 2 లోపే ఉంటోంది. ఆ పైపు పని నేల పూర్తి చేయకముందే అయిపోవాలి.

విస్తీర్ణం మాట నమ్మకండి. 2022 ఏప్రిల్ నుంచి ఇంటి రుణాల సంస్థ ఫ్యానీ మే కోసం ఇంటి విలువ కట్టే అప్రైజర్లు వాడే కొలత ప్రమాణంలో భూమి మట్టం కిందున్నది, పాక్షికంగా కిందున్నదైనా, ఇంటి నివాస విస్తీర్ణంలో కలపరు. విడిగా చూపిస్తారు, దానికి విలువ కడతారు, కానీ పైఅంతస్తు అడుగుతో సమానంగా కాదు.

యాష్‌బర్న్_కోడలు

నేను ఇంజినీరింగ్ సంగతులు చెప్పలేను కానీ మా అత్తయ్య, మావయ్య రెండుసార్లు మా బేస్‌మెంట్‌లో ఉన్నారు కాబట్టి రాస్తున్నాను. మాది వర్జీనియా, వెనక వైపు తలుపు నేరుగా పెరట్లోకి తెరుచుకునే బేస్‌మెంట్. అంటే మీ దానికంటే వెలుతురు చాలా ఎక్కువ. అయినా మొదటిసారి వచ్చినప్పుడు అత్తయ్య మూడో వారానికే డీలా పడిపోయింది.

ఆవిడ ఊళ్లో తెల్లవారకముందే లేచి వాకిలి ఊడ్చి ముగ్గేసుకునే మనిషి. ఇక్కడ నాలుగున్నరకు లేచి, మాకు నిద్రాభంగం అవుతుందని పైకి రాకుండా, ఆ మెట్ల మీద చివరి రెండో మెట్టు మీద కొంగు కప్పుకుని కూర్చునేది. ఎందుకక్కడ కూర్చున్నారని అడిగితే, ఇక్కడైతే పైన కాఫీ పెట్టిన చప్పుడు వినిపిస్తుందమ్మా అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే. వాళ్లకు విడిగా ఒక అంతస్తు ఇచ్చామని మేము సంతోషపడ్డాం, వాళ్లకు మాత్రం ఇంట్లోవాళ్లకు దూరంగా పెట్టినట్టుంది.

మీ అమ్మగారి మోకాళ్ల గురించి రాశారు. బేస్‌మెంట్‌కూ మెట్లుంటాయి కదా. వంటిల్లు పైనే. పొద్దున కాఫీకి, టిఫినుకి, మధ్యాహ్నం భోజనానికి, సాయంత్రం మనవలు స్కూలు నుంచి వచ్చినప్పుడు, రాత్రి భోజనానికి, లెక్కపెట్టి చూడండి. పడకగది పైఅంతస్తులో ఉంటే రోజుకు రెండుసార్లు ఎక్కే మెట్లు, ఇలా అయితే ఐదారుసార్లు అవుతాయి. పైగా ఆ 44 అంగుళాల కిటికీ అన్నారు, అది మన ఛాతీ ఎత్తు. మోకాళ్ల నొప్పులున్నావిడ దాన్ని ఎక్కి బయట గోతిలోంచి నిచ్చెన పట్టుకుని పైకి రాగలదా? కోడ్‌కు సరిపోవచ్చు, అమ్మకు సరిపోదు.

మీకు వంటిల్లున్న అంతస్తులో డైనింగ్ రూమో, ముందుగదో ఉంటే దానికి తలుపు పెట్టించి వాళ్లకివ్వండి. ఆ అంతస్తులో హాఫ్ బాత్ (స్నానానికి చోటు లేని బాత్రూమ్) ఉంటే పక్కనున్న చలికోట్ల అల్మరా కలుపుకుని షవర్ పెట్టించడం అవుతుందేమో ప్లంబర్‌ను అడగండి. మేము రెండోసారి అదే చేశాం. బేస్‌మెంట్ పిల్లలకు, వ్రతాలప్పుడు వచ్చే జనానికి, బతుకమ్మ రోజుల్లో ఆడవాళ్లందరం చేరడానికి బ్రహ్మాండంగా పనికొస్తోంది. ఇంకొక మాట, తాలింపు వాసన పైకి రాకుండా కింద రెండో వంటగది పెట్టుకోమని మీకు ఎవరో ఒకరు తప్పకుండా సలహా ఇస్తారు. స్టవ్ పెట్టారంటే చాలా టౌన్‌షిప్పులు దాన్ని రెండో కాపురం కింద చూస్తాయి, ముందు టౌన్‌షిప్‌లో స్థలాల వాడకం చూసే జోనింగ్ వాళ్లను అడగకుండా దిగకండి.

కొత్తిల్లు_ఎడిసన్

అందరికీ చాలా చాలా థాంక్స్. మీరు చెప్పినట్టే చేసి ఇవాళ రాస్తున్నాను.

ప్లాస్టిక్ షీట్లు శుక్రవారం అతికించాం, ఆదివారం సాయంత్రం తీశాం. నేల మీదది పొడిగా ఉంది. వెనక గోడకు వేసినదాని లోపలివైపు నీటి బొట్లు వరసగా పట్టి ఉన్నాయి, టేపు ఊడదీయగానే ఒక ధారలా కారింది. మా అబ్బాయి టార్చి వేసి చూపిస్తే గోడ మీద షీటు ఉన్నంత మేర చదరంగా నల్లగా తడిసి కనిపించింది. బయటికెళ్లి చూస్తే సరిగ్గా ఆ మూలకే పైకప్పు గొట్టం దిగుతోంది, దాని కింది మోచేతి ముక్క ఎప్పుడో ఊడిపోయి పొదల్లో పడి ఉంది. అంటే సగం కప్పు మీద నీళ్లు ఏళ్ల తరబడి గోడ మొదట్లోనే పోస్తున్నాయన్నమాట.

మెట్ల లెక్క మేము అసలు వేసుకోలేదు. రాత్రి అమ్మకు ఫోన్ చేసి, కింద విడిగా ఉంటావా, వంటింటి పక్కన చిన్న గదైనా పర్వాలేదా అని అడిగాను. ఆ ప్రశ్న ముందే అడిగి ఉండాల్సింది. చిన్నదే బాగుంటుంది, నువ్వు ఆఫీసుకు వెళ్లేటప్పుడు కనిపిస్తావు అంది.

కాబట్టి డైనింగ్ రూమ్‌కు తలుపు, హాఫ్ బాత్‌లో షవర్, ఇవి రెండూ పర్మిట్‌తో మే లోగా. ఆ కాంట్రాక్టర్‌కు వద్దని చెప్పేశాను. బేస్‌మెంట్‌లో ఈ ఏడాది గట్టర్ గొట్టాలు, మట్టి వాలు, బ్యాటరీ పంపు, రాడాన్ కిట్ వరకే. నాన్న వచ్చాక మట్టి పని దగ్గరుండి చూసుకుంటానంటున్నారు.

@నోవై_వడ్రంగి గారూ, మురుగు పైపు చూశాను, నేల నుంచి మూడడుగుల ఎత్తులో గోడలోంచి వెళ్తోంది. కొటేషన్‌లో ఎజెక్టర్ పంపు లేదు. వచ్చే ఏడాది పని మొదలుపెట్టినప్పుడు ఆ గొయ్యి ఫర్నేసు పక్కన పెట్టొచ్చా, దూరంగా ఉండాలా?

నోవై_వడ్రంగి

పెట్టొచ్చు, కానీ ఫర్నేసు ముందు పనివాడు నిలబడి రిపేరు చేసేంత చోటు, కనీసం 30 అంగుళాలు, వదలాలి. కరెంటు ప్యానెల్ ముందు 36 అంగుళాలు ఖాళీ ఉండాలి, అది కూడా ఇప్పుడే నేల మీద సుద్దముక్కతో గీసి పెట్టుకోండి. గొయ్యికి గాలి పైపు ఒకటి పైకప్పు దాకా వెళ్లాలి, కాబట్టి మీ ఇంట్లో ఇప్పటికే ఉన్న గాలి పైపు ఏ గోడలోంచి వెళ్తోందో చూసి దానికి దగ్గరగా ఎంచుకుంటే ఖర్చు తగ్గుతుంది. ఫోటో పెట్టండి, చూసి చెబుతాను.